కలం కొనబోయే ముందు: ఒక యువ రచయిత్రికి లేఖ

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. చిత్తూరు నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. డైరీ మొదలుపెట్టడానికి మంచి పెన్ను ఏదో చెప్పమని అడుగుతూ, మూడు వేల రూపాయల ఇంకు పెన్ను మీద మనసు పడ్డానని కూడా రాశావు. ఆ డబ్బు ప్రస్తుతానికి దాచుకో. పెన్ను చేతికి హాయిగా ఉందా అని తరువాత చూడవచ్చు. ఇవాళ రాసిన పేజీని పదేళ్ల తరువాత నువ్వే చదువుకోగలవా అన్నది ముందు చూడాలి. ఈ వరస నాకు నష్టపోయాకగానీ తెలియలేదు.

2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలకు మా ఇంట్లోకి మోకాటి లోతు నీళ్లు వచ్చాయి. కింది అరలోని నోటుపుస్తకాలు రెండు రాత్రులు నానాయి. ఆరబెట్టి, అంటుకున్న పేజీలను ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే, నీలి సిరాతో శ్రద్ధగా రాసుకున్న ఏళ్ల తరబడి డైరీ లేత మరకగా మిగిలింది. బస్సులో కూర్చుని పెన్సిలుతో గీకిన పేజీలు మాత్రం ముడతలు పడినా చక్కగా చదవడానికి వచ్చాయి. మామూలు ఇంకు పెన్ను సిరాలో ఉండేది నీటిలో కరిగే రంగు. పెన్సిలులో ఉండేది గ్రాఫైటు, అంటే కర్బనం. అది నీటికి కరగదు, ఎండకు వెలిసిపోదు. బాల్‌పెన్నుది నూనె సిరా కాబట్టి ఆ పేజీలు కూడా చాలావరకు నిలిచాయి. అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించిన వారికి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. మనకు అంత స్తోమత లేదు గనుక పెన్సిలుతో మొదలుపెడదాం.

బయట తిరుగుతూ రాసుకునే చిన్న పుస్తకానికి హెచ్‌బీ పెన్సిలు చాలు. గ్రాఫైటు పొడిలో బంకమట్టి కలిపి కాల్చి ములుకు తయారుచేస్తారు. మట్టి ఎక్కువైతే గట్టిపడి హెచ్ వైపుకు, తగ్గితే మెత్తబడి నలుపెక్కి బీ వైపుకు పోతుంది. 2బీ నల్లగా, ముచ్చటగా ఉంటుంది కానీ ఎదుటి పేజీకి అంటుకుని అలుక్కుపోతుంది. పెన్ పెన్సిలు కావాలనుకుంటే 0.7 ములుకుది తీసుకో. నీలా ఒత్తి రాసేవారి చేతిలో 0.5 ములుకు విరుగుతూనే ఉంటుంది. (ఒత్తి రాస్తావని నీ ఉత్తరం వెనక వైపు తడిమితే తెలిసింది.)

ఇంట్లో రాసే డైరీకి పెన్నే మేలు. ఇక్కడ మన లిపిని మరిచిపోకూడదు. 'రాష్ట్రం' అని రాస్తే ష కింద రెండు ఒత్తులు దిగుతాయి. కింది వరసలోని గుడులు వాటిని గుద్దుకుంటాయి. ములుకు లావైతే ద, ధలకు తేడా చూపే చిన్న గీత పూడిపోతుంది, కి ఏదో కీ ఏదో తెలియదు. అందుకని సన్నటి మొన, 0.5 జెల్ పెన్నో 0.7 బాల్‌పెన్నో ఎంచుకుని, రూళ్లు దగ్గరగా ఉంటే వరస విడిచి వరస రాయి. జెల్ పెన్నుల్లో కొన్నింటి సిరా నీటికి నిలుస్తుంది, కొన్నింటిది నిలవదు. కొన్న రోజే ఒక వాక్యం రాసి, ఆరనిచ్చి, దానిమీద నీటిచుక్క వేసి చూడు. దుకాణం వాడి మాటకన్నా ఆ చుక్క మాట నమ్మవచ్చు.

రాసినది రుద్దితే చెరిగిపోయే జెల్ పెన్నులు ఇప్పుడు బాగా వాడుకలో ఉన్నాయి. వాటి జోలికి మాత్రం పోవద్దు. రుద్దినప్పుడు పుట్టే వేడికే ఆ సిరా రంగు పోతుంది. దాదాపు 60 డిగ్రీల దగ్గర అక్షరాలు మాయమవుతాయి. మే నెలలో మన ఊళ్లో ఎండలో నిలిపిన కారు ముందు అద్దం దగ్గర నోటుపుస్తకం మరిచిపోతే, తిరిగి వచ్చేసరికి తెల్లకాగితాలే మిగలవచ్చు.

ఇంకు పెన్ను అసలు వద్దని కాదు. రాజమండ్రి ఎబొనైటు (గట్టి రబ్బరు) పెన్ను ఒకటి నా బల్లమీద ఎప్పుడూ ఉంటుంది. దానికి ఒత్తిడి అక్కర్లేదు. గంటసేపు రాసినా వేళ్లు నొప్పి పుట్టవు. అయితే సగం ఖాళీ అయిన ఇంకు పెన్నును జేబులో పెట్టుకుని తిరుమల బస్సు ఎక్కి ఒక తెల్ల చొక్కా పోగొట్టుకున్నాను: కొండ ఎక్కేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, పెన్నులోని గాలి వ్యాకోచించి సిరాను బయటికి నెడుతుంది. ప్రయాణంలో నిండుగానో పూర్తి ఖాళీగానో, పాళీ పైకి ఉండేలా పెట్టుకోవాలి. పైగా బడి పిల్లల పలుచటి నోటుపుస్తకాల్లో ఆ సిరా పాకి వెనక పేజీకి దిగుతుంది. దానికి తగిన దళసరి కాగితం ఖర్చు వేరు. నీటికి చెదరని సిరాలూ దొరుకుతాయి కానీ, వాటిని పెన్నులో ఎండిపోనిస్తే పాళీ మూసుకుపోతుంది. ఆ తంటా రెండో ఏడాదికి వాయిదా వేసుకో.

ఈ నెలంతా హెచ్‌బీ పెన్సిలుతోనూ ఒక సన్న బాల్‌పెన్నుతోనూ రాసి, రెండింటిలోనూ చెరొక పేజీ నాకు పంపు. కొంచెం తడిపి చూసి జవాబు రాస్తాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి