సమాధానం: 64 బైట్ల ఫ్రేముల దగ్గర 762 ఎంబీపీఎస్ అంటే లింక్ ఫుల్ స్పీడే

గచ్చిబౌలి – ఉప్పల్ 1 జీబీపీఎస్ లింక్‌పై మీ ఆటోమేటెడ్ ఆర్‌ఎఫ్‌సీ 2544 టెస్ట్ (నెట్‌వర్క్ వేగం కొలిచే ప్రామాణిక పరీక్ష) 64, 128, 256 బైట్ల ఫ్రేముల (డేటా ముక్కల) దగ్గర ఫెయిల్ అవుతోందని, 512 నుంచి పైకి పాస్ అవుతోందని రాశారు. టెన్షన్ పడకండి. లింక్ బాగానే ఉంది. తేడా అంతా స్క్రిప్ట్‌లో అన్ని సైజులకీ ఒకేలా పెట్టిన 950 ఎంబీపీఎస్ పాస్ హద్దులో ఉంది.

వైరు మీద ప్రతి ఫ్రేముకీ అదనంగా 20 బైట్లు పోతాయి: ప్రీయాంబుల్ (ఫ్రేము మొదలవుతోందని చెప్పే సంకేతం) 8, ఫ్రేముల మధ్య ఖాళీ 12. అంటే 64 బైట్ల ఫ్రేము 84 బైట్ల చోటు తీసుకుంటుంది. అందుకే సెకనుకు 14,88,095 ఫ్రేములకు మించి వెళ్లవు. వాటిని 64 బైట్లతో లెక్కిస్తే సుమారు 762 ఎంబీపీఎస్. మీ రిపోర్టులో ఉన్నది సరిగ్గా అదే! ఇదే లెక్కన 128కి 865, 256కి 928, 512కి 962, 1518కి 987 వస్తాయి. మీ పాస్, ఫెయిల్ వరుసతో పోల్చి చూడండి, అచ్చంగా కలుస్తుంది.

కాబట్టి ఒకే హద్దు తీసేసి, ఒక్కో ఫ్రేము సైజుకి దాని గరిష్ఠంలో ఎంత శాతం వచ్చిందో చూసేలా స్క్రిప్ట్ మార్చండి. చివరి ట్రయల్ కనీసం 60 సెకన్లు నడవాలి. అంతకన్నా తక్కువ నడిపిన ఫలితాన్ని నేనైతే నమ్మను.

ఇంకో ముఖ్యమైన మాట. రోజూ రాత్రి షెడ్యూల్ చేశానన్నారు. ఆ లింక్‌పై ఆఫీసు ట్రాఫిక్ నడుస్తుంటే దయచేసి వెంటనే ఆపండి. ఈ టెస్ట్ లింకును నిండా నింపేస్తుంది, ల్యాబ్ కోసమే రాసింది. 2544ని ఎక్కడ వాడాలో చెప్పే ఆర్‌ఎఫ్‌సీ 6815 పత్రం ఇదే హెచ్చరిస్తుంది. కొత్త సర్వీసు అప్పగించేటప్పుడైతే వై.1564 (ఈథర్‌నెట్ సర్వీసులను పరీక్షించే ఐటీయూ ప్రమాణం) వాడండి.

మార్చాక కూడా ఏదైనా సైజు తక్కువ చూపిస్తే రిపోర్టులోని ఫ్రేమ్ లాస్ (దారిలో పోయిన ఫ్రేములు) కాలమ్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.