ఐదు రూపాయల భోజనానికి సిగ్గెందుకు బాబూ?

ప్రశ్న: నమస్కారమండి. మాది నల్గొండ జిల్లా. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. ఇరవయ్యో తారీఖు దాటితే చేతిలో డబ్బులుండవు. ఫ్రీ భోజనాలు, హోటల్ ఆఫర్లు ఎలా వెతుక్కోవాలి? ఐదు రూపాయల క్యాంటీన్‌కు వెళ్దామంటే తెలిసినవాళ్లు చూస్తారేమోనని సిగ్గు. ఫేస్‌బుక్‌లో 'ఒక థాలీ కొంటే రెండు ఫ్రీ' అని ప్రకటన వచ్చింది. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: బాబూ, ముందు ఆ థాలీ సంగతి. దాని జోలికి వెళ్లకు. ఇలాంటి మోసాలు చాలా జరిగాయి. పేరున్న హోటల్ బొమ్మ పెడతారు, లింకు నొక్కి యాప్ వేసుకోమంటారు, ఆ తర్వాత కార్డు నంబరు, ఓటీపీ అడుగుతారు. భోజనం పెట్టేవాళ్లకు నీ ఓటీపీతో పనేముంది? ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

ఇక సిగ్గు గురించి. నేను విజయవాడలో ఒక మెస్‌లో పద్దెనిమిదేళ్లు క్యాష్ కౌంటర్‌లో కూర్చున్నాను. ఒక ప్లేటు భోజనం తయారవ్వాలంటే ఎంత ఖర్చో నాకు తెలుసు. హైదరాబాద్‌లో 2014లో మొదలైన ఐదు రూపాయల భోజనానికి 400 గ్రాముల అన్నం, 120 గ్రాముల సాంబారు, 100 గ్రాముల కూర, 15 గ్రాముల పచ్చడి అని లెక్క పెట్టారు. మిగతా ఖర్చు జీహెచ్ఎంసీ, అంటే హైదరాబాద్ నగరపాలక సంస్థ, భరిస్తుంది. అప్పట్లో అన్నపూర్ణ అనేవారు, 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చారు. కొన్నిచోట్ల పొద్దున టిఫిన్ కూడా ఐదు రూపాయలకే పెడుతున్నారు. మా ఆయనకు హైదరాబాద్‌లో ఆపరేషన్ అయినప్పుడు నాలుగు రోజులు నేనూ ఆ లైన్‌లో నిలబడ్డాను. నా ముందు ఒక ఆటో అబ్బాయి, నా వెనక కరెంట్ అఫైర్స్ పుస్తకం చంకలో పెట్టుకుని ఒక అమ్మాయి. ఎవరూ ఎవరి మొహం చూడలేదు, అందరి కళ్లూ సాంబారు మీదే. వేడిగా ఉంది, కడుపు నిండింది. మధ్యాహ్నం కాస్త ముందే వెళ్లు, అయిపోతే మళ్లీ వండరు. ఆదివారం, పండగ రోజు ఉంటుందో లేదో ముందే కనుక్కో.

అమీర్‌పేటలో, సికింద్రాబాద్‌లో గురుద్వారాలున్నాయి. అక్కడ అందరికీ అన్నం పెట్టే లంగర్‌లో భోజనం పూర్తిగా ఉచితం, నీ మతం ఏదని ఎవరూ అడగరు. లంగర్ ఏ వేళకు పెడతారో కనుక్కుని వెళ్లు. చెప్పులు బయట విడిచి, తలకు రుమాలు కట్టుకుని వరసలో కూర్చో. తినగలిగినంతే పెట్టించుకో. తిన్నాక కాసేపు గిన్నెలు కడిగి వస్తే నీ మనసుకూ బాగుంటుంది.

ఆఫర్లు చెడ్డవని అనను. కానీ అవి చాలావరకు నలుగురు కలిసి తినేవాళ్ల కోసం. '60 శాతం తగ్గింపు, 120 రూపాయల వరకు' అని ఉంటే, 400 బిల్లుకు నీకు తగ్గేది 240 కాదు, 120 మాత్రమే. మీద ప్యాకింగు, డెలివరీ, జీఎస్టీ పడతాయి. పైగా కొన్ని హోటళ్లు యాప్‌లో ధరే పెంచి పెడతాయి. ఒకసారి హోటల్ ముందు బోర్డు మీద రేటు చూసి పోల్చుకో. ఎక్కడైనా తిన్నప్పుడు బిల్లులో సర్వీస్ ఛార్జ్ కలిపితే తీసేయమని అడుగు, అది తప్పనిసరి కాదు. గొడవ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకోవచ్చు.

వీటన్నిటికంటే నేను నమ్మేది పార్సిల్ మీల్స్. కూర్చుని తినేవాళ్లకు మారు వడ్డిస్తాం కాబట్టి, పార్సిల్‌లో ఆ అన్నం కూడా కలిపి కట్టేవాళ్లం. మా దగ్గర ఒక పార్సిల్ ఇద్దరు కుర్రాళ్లు సుబ్బరంగా తినేవాళ్లు. నీ రూమ్మేట్‌తో కలిసి తెచ్చుకో. రూమ్‌లో కుక్కర్ ఉంటే అన్నం వండుకుని, కర్రీ పాయింట్‌లో ఒక పప్పు, ఒక వేపుడు తెచ్చుకుంటే ఇంకా చవక.

ఇంటి నుంచి డబ్బు వచ్చిన రోజే దగ్గర్లోని మెస్‌లో నెల కూపన్లు కొనుక్కో, ఇరవయ్యో తారీఖు తర్వాత టెన్షన్ ఉండదు. దసరాకు ఊరెళ్తే మిగిలినవి వచ్చే నెల చెల్లుతాయా అని కొనే ముందే అడిగి, ఆ మాట కూపన్ బుక్ మీద రాయించుకో. మా కౌంటర్‌లో అడిగినవాళ్లందరికీ రాసి సంతకం పెట్టి ఇచ్చేదాన్ని.