దాచమని ఇచ్చారా, అమ్మేశారా?

ప్రశ్న: మాది విజయనగరం. ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచి పోకెమాన్, మ్యాజిక్ అనే ఆటల కార్డులు సేకరిస్తున్నాను. మిత్రులతో కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రలు ధరించే ఆట ఆడేవాణ్ణి. వీటన్నిటికీ లక్షన్నర దాకా ఖర్చయింది. 2022 జూన్‌లో ఉద్యోగానికి పుణె వెళ్తూ, మా ఇంట్లో చెమ్మ ఎక్కువని కార్డుల ఆల్బములు, నాణ్యతకు గ్రేడింగు చేయించిన ఆరు కార్డులు, ఆట పుస్తకాలు శ్రీకాకుళంలోని స్నేహితుడి ఇంట్లో పెట్టాను. ఆ సెప్టెంబరులో అమ్మ ఆపరేషనుకు అతను యూపీఐలో 20,000 రూపాయలు పంపాడు. తర్వాత కార్డులు ఎప్పుడు అడిగినా వాయిదా వేశాడు. 2024లో ‘రథసప్తమికి అరసవల్లి వస్తావుగా, అప్పుడు తీసుకుపో’ అని మెసేజ్ పెట్టాడు. వెళ్ళలేకపోయాను. 2025 ఆగస్టులో ఫోను చేస్తే ‘20,000కి నాకు అమ్మేశావు కదా’ అన్నాడు. సొంత తమ్ముడిలా చూసుకున్నవాడు ఇలా చేశాడు. మూడేళ్ళు దాటాయి కాబట్టి కేసు చెల్లదంటున్నారు, నిజమేనా? దొంగతనం కేసు పెడితే పోలీసులు రెండు రోజుల్లో ఇప్పిస్తారని మా మామయ్య అంటున్నారు. లేదా మిగతా లక్షా ముప్పై వేలు ఇచ్చి వాటిని ఉంచుకోమని మెసేజ్ పెట్టమంటారా? పాత ఫోను ఎక్స్ఛేంజికి ఇచ్చేస్తున్నాను, అందులోని సందేశాలు అవసరమా?

జవాబు: ముందు చివరి మాటకు సమాధానం చెబుతాను. ఆ ఫోను ఎవరికీ ఇవ్వకండి. మీ కేసు మొత్తం అందులోనే ఉంది.

మీ ఉత్తరంలో ఎక్కువ భాగం స్నేహం గురించి రాశారు. కోర్టు దాని జోలికి పోదు. అది అడిగేది ఒక్కటే: ఈ వస్తువులు అతని చేతికి ఎలా వెళ్ళాయి? దాచమని ఇచ్చారా, తాకట్టు పెట్టారా, అమ్మారా? మీకు కాలపరిమితి మిగిలిందా లేదా అన్నది కూడా దీని మీదే తేలుతుంది.

అమ్మకమే అయితే వస్తువు అతనిది, మీకు మిగిలేది బాకీ ధర అడిగే హక్కు మాత్రమే. గడువు ఏదీ అనుకోకుండా సరుకు అమ్మి అప్పగించినప్పుడు, ధర కోసం వేసే దావాకు 1963 నాటి లిమిటేషన్ చట్టం 14వ ఆర్టికల్ ప్రకారం అప్పగించిన రోజు నుంచి మూడేళ్ళు. అంటే 2025 జూన్‌తోనే ముగిసింది. మీతో ‘చెల్లదు’ అన్నవారు ఈ లెక్కే వేసి ఉంటారు.

దాచమని ఇచ్చిన వస్తువుకు లెక్క వేరు. అదే చట్టం 70వ ఆర్టికల్ కింద, దాచడానికి తీసుకున్నవారి నుంచి గానీ తాకట్టు పట్టినవారి నుంచి గానీ చరాస్తిని తిరిగి రాబట్టే దావాకు మూడేళ్ళ గడువు ఉంది. అది వస్తువు ఇచ్చిన నాడు మొదలు కాదు. మీరు అడిగాక అతను ఇవ్వనన్న నాడు మొదలవుతుంది. ‘తర్వాత ఇస్తాను’, ‘వచ్చినప్పుడు తీసుకుపో’ అనడం వాయిదా వేయడమే, నిరాకరణ కాదు. మీరు చెప్పినదాన్నిబట్టి అతను మొదటిసారి కాదన్నది 2025 ఆగస్టులో. కాబట్టి 2028 ఆగస్టు దాకా మీకు సమయం ఉంది. అయితే సందేశాలన్నీ మొదటి నుంచి చదవండి. ‘ఇవ్వను’ అనే మాట అంతకుముందు ఎక్కడైనా ఉంటే గడువు అక్కడి నుంచే నడుస్తుంది.

ఇప్పుడు మీరు పెట్టబోయిన మెసేజ్ ఎంత ప్రమాదమో ఆలోచించండి. ‘మిగతా లక్షా ముప్పై వేలు ఇవ్వు’ అని రాస్తే, అమ్మకం జరిగిందనీ 20,000 అందులో జమ అయిందనీ మీ చేత్తో మీరే ఒప్పుకున్నట్టు. అతని వాదనకు మీరు సాక్ష్యం సమకూర్చినట్టవుతుంది, అదీ కాలం చెల్లిన బాకీకి. కోపంలో గానీ, రాజీ కోసమని గానీ, పెద్దమనుషుల ముందు గానీ ధర అనే మాట ఎత్తకండి. మీరు అడగవలసినది వస్తువులనే.

దొంగతనం కేసు సంగతి. మీరే తీసుకెళ్ళి అతని ఇంట్లో పెట్టిన వస్తువు దొంగతనం ఎలా అవుతుంది? అలా ఫిర్యాదు రాస్తే మీ మెసేజీలే మిమ్మల్ని అబద్ధీకుణ్ణి చేస్తాయి. తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద నేరం, ఏడాది దాకా జైలు పడవచ్చు. అంతకన్నా పెద్ద నష్టం, ఆ ఫిర్యాదు కాపీ అతని వకీలు చేతిలో పడి సివిల్ దావాలో మీ మీద విశ్వాసం లేకుండా చేస్తుంది. నమ్మి అప్పగించిన వస్తువు కాజేశాడని, జరిగింది జరిగినట్టు అదే సంహిత 316వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయడానికి దారి ఉంది. దాని వల్ల కార్డులు మీ చేతికి వస్తాయన్న భరోసా మాత్రం లేదు, అందుకు సరైన దారి సివిల్ కోర్టే.

ఇక ఆ 20,000. బ్యాంకు స్టేట్‌మెంటు తీసి, చెల్లింపు పక్కన అతను ఏమైనా రాశాడేమో చూడండి. ఆ రోజు, ముందు రోజు మీ ఇద్దరి మధ్య నడిచిన సంభాషణ చూడండి. ‘అమ్మకు ఎలా ఉంది, సర్దుతాను’ లాంటి మాట ఉంటే అది చేబదులు అని తేలుతుంది. అన్నిటికన్నా బలమైనది మీరు మాటవరసకు చెప్పి వదిలేసిన రథసప్తమి సందేశం. డబ్బు ఇచ్చింది 2022లో. సొమ్ము చెల్లించి కొనుక్కున్నవాడు రెండేళ్ళకు ‘వచ్చి తీసుకుపో’ అని ఎందుకు రాస్తాడు? అతని వకీలు దీనికి జవాబు వెతుక్కోవాలి.

ఆ సందేశాన్ని స్క్రీన్‌షాట్‌గా ఇస్తే చాలదు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. కొంత భాగం మీరు, కొంత నిపుణుడు నింపాలి, ఫైలు మారలేదని చూపే సంకేతం, అంటే హ్యాష్ విలువ రాయాలి. అసలు ఫోను చేతిలో ఉంటే ఇదంతా సులువు. దాన్ని మారకానికి ఇచ్చేద్దామనుకున్నారంటే మీ నిర్లక్ష్యం ఎంతో అర్థమవుతోంది. లక్షన్నర సొమ్ము పరాయి ఇంట్లో పెట్టి, ఒక్క తెల్లకాగితం మీద జాబితా రాసి అతని సంతకం తీసుకోలేదు. అది చేసి ఉంటే ఈ ఉత్తరమే అక్కరలేకపోయేది.

జాబితా లేకపోవడం ఇక్కడ మామూలు లోపం కాదు. మ్యాజిక్ ఆట 1993లో వచ్చినప్పటి నుంచి ఈ కార్డులు ఎక్కువగా అమ్ముడుపోయేది ఒకే తీరులో. లోపల ఏముందో తెలియకుండా బూస్టర్ ప్యాకెట్ కొంటారు. మీ బిల్లు మీద ‘బూస్టర్లు, ఇన్ని’ అని మాత్రమే ఉంటుంది. అందులోంచి చారిజార్డ్ లాంటి ఏ ఖరీదైన కార్డు వచ్చిందో, ఏది పనికిరాని కార్డో బిల్లు చెప్పదు. కాబట్టి బిల్లులు ఖర్చును రుజువు చేస్తాయి గానీ, ఫలానా కార్డు మీదని రుజువు చేయవు. ‘సుమారు వెయ్యి కార్డులు ఇప్పించండి’ అంటే కోర్టువారు డిక్రీ (అమలు చేయదగ్గ తీర్పు) ఇవ్వలేరు, ఇచ్చినా అమలు చేయలేరు.

అందుకే గ్రేడింగు చేయించిన ఆ ఆరింటి నుంచి మొదలుపెట్టండి. పీఎస్‌ఏ వంటి సంస్థ కార్డును గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి, పదికి ఎంతో గ్రేడు వేసి, లేబులు మీద ధ్రువీకరణ సంఖ్య ముద్రిస్తుంది. ఆ సంఖ్య కనిపించే పాత ఫొటో ఒక్కటి దొరికితే ఆ కార్డు మరొకటి కావడానికి వీలు లేదు. మిగతా ఆల్బములకు పేజీ పేజీ ఫొటోలు, మిత్రబృందంలో పంపుకొన్న వీడియోలు వెతకండి. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, మాన్‌స్టర్ మాన్యువల్ లాంటి పుస్తకాల మొదటి పేజీలో మీ పేరు రాసుకున్నారా? మీతో ఆడినవారిలో ఇద్దరు, ఫలానా పుస్తకం ఇతనిదని చెప్పగలరా? గుర్తించగలిగినవే దావాలో పెట్టండి, మిగిలినవి వదిలేయండి. వదలడం బాధే, కానీ చూపలేనిది అడిగితే చూపగలిగినది కూడా అనుమానంలో పడుతుంది.

విలువ విషయంలో ఆశకు పోవద్దు. విదేశీ వేలంలో ఎవరో కట్టిన ధర మీ విలువ కాదు. చరాస్తి దావాకు మార్కెట్ విలువ మీద కోర్టు ఫీజు కట్టాలి, పెంచి రాస్తే ఫీజు పెరుగుతుంది, రుజువు భారం కూడా పెరుగుతుంది.

చేయవలసిన పని ఇది. వకీలు ద్వారా స్పీడ్ పోస్టులో, అందిన రుజువు ఉండేలా నోటీసు ఇవ్వండి. దాచమని ఇచ్చిన వస్తువులు, వాటి జాబితా, తిరిగి ఇవ్వడానికి పదిహేను రోజులు. అందులోనే, చేబదులుగా తీసుకున్న 20,000 అప్పగింత నాడే చెల్లిస్తానని రాయండి. ఆ అప్పుకు అతని గడువు తీరిపోయి ఉండవచ్చు. అయినా ఇవ్వండి. అది అప్పు అన్న మీ మాట నిలబడుతుంది, రేపు అతను తాకట్టు అని మాట మార్చినా, బాకీ తీరలేదని వస్తువు పట్టుకునే వీలుండదు. ఆగస్టు సంభాషణ ఫోనులో జరిగింది కాబట్టి, నోటీసుకు వచ్చే జవాబు నిరాకరణకు రాతపూర్వక రుజువు కూడా అవుతుంది.

జవాబు రాకపోతే శ్రీకాకుళం జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, కేసు వేయకముందే రాజీకి దరఖాస్తు చేయండి. కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం. ఆ నెలలు లిమిటేషన్‌లో మినహాయిస్తారని మాత్రం అనుకోకండి. కుదరకపోతే వస్తువులు అప్పగించినదీ, అతను ఉంటున్నదీ శ్రీకాకుళమే గనుక అక్కడి సివిల్ కోర్టులో, నిర్దిష్ట ఉపశమన చట్టం 8వ సెక్షన్ కింద వస్తువులే అడుగుతూ దావా వేయండి. వస్తువు దొరకని పక్షంలో ఇంత సొమ్ము అని ప్రత్యామ్నాయంగా కోరడం మరవకండి. దావాతో పాటే, వాటిని అమ్మకుండా ఇంజంక్షన్‌కు, కోర్టు నియమించే అడ్వకేట్ కమిషనర్ వెళ్ళి ఉన్నవాటి జాబితా రాయడానికి పిటిషన్లు వేయండి. 2028 దాకా సమయం ఉందని ఊరుకుంటే, ఆ ఆరు కార్డులు ఈలోగా ఎవరికైనా అమ్ముడైపోవచ్చు.