మా వారికి రేడియేషన్ తగిలింది.. కడుపులో బిడ్డకు ప్రమాదమా?

ప్రశ్న: మా వారికి 34 ఏళ్లు. విశాఖపట్నంలో పైపుల వెల్డింగు అతుకులను గామా కెమెరాతో పరీక్షించే రేడియోగ్రఫీ పని చేస్తారు. మూడు నెలల కిందట ఒక రాత్రి సోర్సు (గామా కిరణాలు వెదజల్లే రేడియోధార్మిక పదార్థం) కెమెరాలోకి వెనక్కి వెళ్లకుండా ట్యూబులోనే ఇరుక్కుపోతే, దాన్ని సరిచేస్తూ కొన్ని నిమిషాలు దగ్గర్లోనే ఉన్నారట. ఇప్పుడు వచ్చిన, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి రిపోర్టులో 38 మిల్లీసీవర్టులు అని ఉంది. ఆ ఘటన జరిగిన పది రోజులకు రెండు రోజులపాటు వాంతులయ్యాయి. ఈమధ్య జుట్టు కూడా రాలుతోంది. నాకు ఇప్పుడు ఐదో నెల. ఆయన్ను వేరే గదిలో పడుకోమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?

సమాధానం: రిపోర్టులోని అంకె సరైనదే అయితే, మీ వారికి రేడియేషన్ జబ్బు వచ్చే అవకాశం లేదు. మీకు గానీ, మీ బిడ్డకు గానీ ఆయన వల్ల ఏ హానీ ఉండదు. అయితే ఆ అంకె సరైనదేనా అన్నది విడిగా తేల్చుకోవాల్సిన విషయం. దాని గురించి కింద వివరిస్తాను.

గామా కిరణాలు ఒంటినిండా తగిలినప్పుడు అవి కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. నిరంతరం కొత్త కణాలు పుట్టే చోట్ల, అంటే ఎముక మజ్జలో, పేగుల లోపలి పొరలో, వృషణాల్లో, వెంట్రుకల కుదుళ్లలో ఈ దెబ్బ ముందుగా బయటపడుతుంది. ఎంత మోతాదు, ఎంత సమయంలో, శరీరంలో ఎంత భాగానికి అందిందన్న మూడు విషయాల మీదే ఫలితమంతా ఆధారపడి ఉంటుంది. ఒంటి మొత్తానికి ఒకేసారి సుమారు 1,000 మిల్లీసీవర్టులు, అంటే దాదాపు ఒక గ్రే (శరీరం గ్రహించిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) అందితే తప్ప రేడియేషన్ జబ్బు లక్షణాలు సాధారణంగా కనిపించవు. ఆ స్థాయి దాటితే రక్తంలోని లింఫోసైట్లు అనే తెల్లకణాలు ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతాయి. తర్వాత కొన్ని రోజులు మనిషి తేరుకున్నట్టే కనిపిస్తాడు. మూడు నాలుగు వారాలకు మిగతా తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అడుగంటి, ఇన్ఫెక్షన్లు, రక్తస్రావం మొదలవుతాయి. 3 నుంచి 5 గ్రేలు అందినవారిలో చికిత్స లేకపోతే దాదాపు సగం మంది రెండు నెలల్లోపు చనిపోతారు. ఇంకా పెద్ద మోతాదుల్లో పేగుల పొర ఊడిపోతుంది, అప్పుడు మజ్జను కాపాడినా మనిషి దక్కడం కష్టం. 1986లో చెర్నోబిల్ అణు విద్యుత్కేంద్ర ప్రమాదంలో ఈ జబ్బు నిర్ధారణ అయిన 134 మందిలో 28 మంది తొలి నెలల్లోనే మరణించారు. మన దేశంలో 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము మార్కెట్లో, లోపల గామా కిరణాలు వెదజల్లే కోబాల్ట్-60 ఉందని తెలియక ఒక పాత యంత్రాన్ని విప్పిన ఘటనలో పలువురు ఆసుపత్రి పాలవగా ఒకరు ప్రాణాలు కోల్పోయారు. మీ వారి రిపోర్టులోని 38, జబ్బు మొదలయ్యే స్థాయిలో ఇరవయ్యో వంతు కూడా లేదు.

వాంతుల విషయానికొస్తే, అవి మొదలైన సమయమే చాలా చెబుతుంది. రేడియేషన్ వల్ల వచ్చే వాంతులు కొద్ది గంటల్లోనే మొదలవుతాయి. మోతాదు ఎంత ఎక్కువైతే అంత త్వరగా వస్తాయి. పది రోజులకు వచ్చి రెండు రోజుల్లో తగ్గినవి తిండి వల్లో, మామూలు ఇన్ఫెక్షన్ వల్లో వచ్చి ఉంటాయి. జుట్టు రాలాలంటే తలకు సుమారు 3 గ్రేలు తగలాలి, అది కూడా రెండు మూడు వారాలకే కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. మూడు నెలల తర్వాత కొద్దికొద్దిగా రాలడానికి దిగులు, నిద్రలేమి, థైరాయిడ్ వంటి కారణాలు వెతకాలి.

ఇక అంకె సంగతి. ఆ రాత్రి ఆయన బ్యాడ్జి పెట్టుకున్నారా? ఈ మాట అడగడం ఆయనకు నచ్చకపోవచ్చు గానీ, బ్యాడ్జిని లాకర్లో వదిలి పనికి వెళ్లేవాళ్లు, డోసు ఎక్కువ చూపిస్తే పని నుంచి తప్పిస్తారన్న భయంతో దాచేవాళ్లు ఉన్నారు. పెట్టుకోకపోయి ఉంటే 38 అన్నది ఆ రాత్రి లెక్క కాదు. పెట్టుకున్నా, బ్యాడ్జి ఛాతీకి అందిన మోతాదునే చెబుతుంది. చేత్తో ట్యూబునో, సోర్సునో ముట్టుకుని ఉంటే వేళ్లకు అంతకు ఎన్నో రెట్లు తగిలి ఉండవచ్చు. రేడియోగ్రఫీ ప్రమాదాల్లో ఒంటికి ఏమీ కాకుండా వేళ్లు మాత్రం పాడైనవారు ఉన్నారు. రెండు మూడు వారాల్లో చేతి చర్మం ఎర్రబడి, బొబ్బలెక్కి, తోలు ఊడిందా అని అడగండి. అలా జరిగి ఉంటే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రిలో చూపించాలి. అనుమానం మిగిలితే రక్తకణాల్లోని క్రోమోజోముల పరీక్ష ఉంది. సుమారు 100 మిల్లీగ్రేలు, ఆపైన ఒంటికి అందితే అది పట్టిస్తుంది, మూడు నెలలు గడిచినా పనికొస్తుంది. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో ఈ పరీక్ష చేస్తారు.

క్యాన్సర్ భయం గురించి దాచకుండా చెబుతాను. ఇంత తక్కువ మోతాదు వల్ల ఏ ఒక్కరిలోనూ క్యాన్సర్ వచ్చిందని రుజువు చేయడం సాధ్యం కాదు. అయినా భద్రత కోసం అంతర్జాతీయంగా వాడే లెక్క ప్రకారం, వెయ్యి మందికి 38 మిల్లీసీవర్టుల చొప్పున అందితే జీవితకాలంలో అదనంగా సుమారు ఇద్దరికి ప్రాణాంతక క్యాన్సర్ రావచ్చు. ఏ రేడియేషనూ తగలని వెయ్యి మంది భారతీయుల్లోనూ వంద మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ బారిన పడతారు. ఆయన సిగరెట్ తాగేవారైతే అది మానడం వల్ల కలిగే మేలు ఈ అదనపు ముప్పు కంటే చాలా పెద్దది.

వేరే గది అవసరమే లేదు. ఆయన పరికరంలోని సోర్సు లోహపు తొడుగులో మూసి ఉంటుంది. దాని కిరణాలు ఒంట్లోంచి దూసుకుపోతాయే తప్ప, దీపం ఆర్పాక వెలుగు గోడకు అంటుకోనట్టే, శరీరంలో మిగిలిపోవు. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో జరిగింది వేరు. అక్కడ రేడియేషన్ వెదజల్లే సీసియం-137 పొడి బయటపడి, మనుషుల చేతులకూ బట్టలకూ అంటి, ఇల్లిల్లూ తిరిగింది. మీ ఇంట్లో అలాంటిదేమీ లేదు. పైగా మీ వారికి జరిగిన ఘటన నాటికే మీకు గర్భం ఉంది, మీరు అక్కడ లేరు. కాబట్టి బిడ్డకు ఒక్క మిల్లీసీవర్టు కూడా అందలేదు. మరో బిడ్డను కోరుకున్నా అడ్డంకి లేదు. హిరోషిమా, నాగసాకిల్లో బతికి బయటపడినవారికి తర్వాత పుట్టిన పిల్లలను దశాబ్దాలుగా గమనిస్తున్నా, వారిలో వంశపారంపర్య జబ్బులు పెరిగినట్టు తేలలేదు.

ఉద్యోగ పరంగా మాత్రం తేలిగ్గా వదలకండి. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం ఇలాంటి ఉద్యోగికి ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు దాటకూడదు, ఐదేళ్ల సగటు ఏటా 20కి మించకూడదు. దాటింది కాబట్టి కంపెనీ దర్యాప్తు చేసి మండలికి తెలియజేయాలి. రేడియేషన్ భద్రతాధికారికి ఆ రాత్రి జరిగింది రాతపూర్వకంగా ఇవ్వమనండి. ప్రతిని, డోసు రిపోర్టును మీ దగ్గర ఉంచుకోండి. తేలేవరకు సోర్సు పనికి వెళ్లకపోవడం మంచిది. సీబీసీ (రక్తకణాల లెక్క), థైరాయిడ్ పరీక్షలు ఈ వారంలోనే చేయించండి.

మీకు ఐదో నెల అంటున్నారు కాబట్టి బిడ్డ అవయవాల ఎదుగుదల చూసే స్కాన్‌కు ఇదే సమయం. అది అల్ట్రాసౌండ్, అందులో ఎలాంటి రేడియేషనూ ఉండదు. భయంతో వాయిదా వేయకండి.