టీకా కార్డు పోయింది... హాస్టల్‌కు వెళ్లే అమ్మాయికి మళ్లీ వేయించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 18 ఏళ్లు. ఇంకో నెలన్నరలో కాలేజీ హాస్టల్లో చేరుతోంది. చిన్నప్పుడు టీకాలన్నీ వేయించినట్టే గుర్తు. కానీ ఇల్లు మారినప్పుడు కార్డు ఎక్కడో పోయింది. తను చేరబోయే హాస్టల్లో ఈమధ్యే చాలామంది పిల్లలకు గవదబిళ్లలు వచ్చాయట. అప్పటినుంచి భయంగా ఉంది. ఈ వయసులో టీకాలు వేయించవచ్చా? ఏవేవి వేయించాలి?

జవాబు: వేయించవచ్చు, తప్పకుండా వేయించండి. టీకాలు పసిపిల్లలకే అనుకోవడం వల్ల కాలేజీ వయసు పిల్లలను ఎవరూ పట్టించుకోవడం లేదు. ఒకే గదిలో నలుగురు పడుకుంటారు, ఒకే సీసాలో నీళ్లు తాగుతారు. దగ్గు, తుమ్ము తుంపర్లతో వచ్చే జబ్బులు హాస్టళ్లలో అంత వేగంగా పాకడానికి కారణం అదే.

ముందు కార్డు సంగతి. చిన్నప్పుడు టీకాలు వేయించిన ఆసుపత్రిలో రికార్డు ఉందేమో అడగండి. లేకపోతే ఎంఎంఆర్ అనే టీకా వేయించనట్టే లెక్కవేసుకుని మళ్లీ మొదలుపెట్టండి. ఇదివరకే వేసి ఉన్నా, ఇంకోసారి వేస్తే నష్టం ఏమీ ఉండదు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ ఈ ఒక్క టీకాయే. కనీసం 28 రోజుల తేడాతో రెండు డోసులు వేయాలి. మీకు నెలన్నర ఉంది కాబట్టి ఈ వారమే మొదలుపెడితే రెండూ పూర్తవుతాయి.

గవదబిళ్లల విషయంలో మీ భయం సహేతుకమే. బుగ్గలు వాచడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే, వాచాక ఐదు రోజుల దాకా ఇతరులకు అంటుతుంది. అంటే జబ్బని తెలిసేలోపే పక్క మంచానికి చేరిపోతుంది. యుక్తవయసు వచ్చాక సోకితే అబ్బాయిల్లో వృషణాలు, అమ్మాయిల్లో అండాశయాలు వాచవచ్చు. ఎంఎంఆర్ రెండు డోసుల రక్షణ తట్టు మీద 97 శాతం ఉంటే, గవదబిళ్లల మీద 88 శాతం దాకా ఉంటుంది. అందుకే టీకా వేయించుకున్నవాళ్లకూ అప్పుడప్పుడు వస్తుంది, కాకపోతే చాలావరకు తేలిగ్గా పోతుంది.

ఆటలమ్మ మీ అమ్మాయికి ఎప్పుడైనా పోసిందా? పోయకపోతే దానికీ కనీసం నాలుగు వారాల తేడాతో రెండు డోసులు వేయించాలి. పెద్దయ్యాక పోస్తే న్యుమోనియా ముప్పు ఎక్కువ. ఎంఎంఆర్‌తో పాటు ఒకే రోజు వేయించుకోవచ్చు. అలా కుదరకపోతే రెండింటికీ మధ్య 28 రోజులు ఆగాలి. రెండూ బలహీనపరిచిన సజీవ వైరస్‌తో చేసినవి కాబట్టి గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు వేయరు. ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడుతుంటే డాక్టర్‌కు ముందే చెప్పండి.

కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బికి టీకా మూడు డోసులు, ఆరు నెలల్లో పూర్తవుతాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాకూ దాదాపు అంతే సమయం పడుతుంది. ఆఖరి డోసు కాలేజీ సెలవుల్లో వేయించండి. కాస్త ఆలస్యమైనా మళ్లీ మొదటి నుంచి వేయనక్కర్లేదు. ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గుకు కలిపి ఇచ్చే టీడాప్ ఒక డోసు వేయించండి. ఫ్లూ టీకా ఏటా వేయించాలి.

నేను మరీ గట్టిగా చెప్పేది మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు గురించి. దీన్ని తెచ్చే మెనింగోకాకస్ బ్యాక్టీరియా ఏ జబ్బూ లేనివాళ్ల గొంతులోనూ ఉండి, దగ్గరగా మెలిగేవాళ్లకు అంటుతుంది. హాస్టల్లో కొత్తగా చేరిన విద్యార్థులకు ముప్పు ఎక్కువ. ఇది అరుదే. కానీ సోకితే చికిత్స చేసినా పదిమందిలో ఒకరైనా చనిపోతున్నారు, ఒక్కోసారి 24 గంటల్లోనే. ఈ బ్యాక్టీరియాలో ఏ, సి, డబ్ల్యు, వై రకాలకు కలిపి ఒక టీకా ఉంది. చేరడానికి కనీసం రెండు వారాల ముందు వేయించండి. బి రకానికి వేరే టీకా ఉంది, అది అవసరమా అని మీ డాక్టర్‌ను అడగండి.

టీకా వేయించినా మెనింజైటిస్ లక్షణాలు మీ అమ్మాయికీ, ఆమె గదిలో ఉండేవాళ్లకూ తెలిసి ఉండాలి. తీవ్రమైన జ్వరం, భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకోవడం, వెలుగు చూడలేకపోవడం, మగతగా ఉండటం, గాజుగ్లాసుతో నొక్కినా పోని ఎర్రటి లేదా ఊదా మచ్చలు. చామనఛాయ ఒంటి మీద మచ్చలు సరిగా కనిపించవు, అరచేతులు, అరికాళ్లు చూడాలి. మచ్చలు లేవని ఊరుకోకూడదు. జ్వరమే కదా, పడుకుంటే తగ్గుతుందని గదిలో వదిలేసి క్లాసుకు వెళ్లిపోవడమే చాలా ప్రమాదం. అర్ధరాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దగ్గరగా మెలిగినవాళ్లకు డాక్టర్లు యాంటీబయాటిక్ ఇస్తారు, కాబట్టి జబ్బు సంగతి దాచకూడదు.

టీకా వేశాక 15 నిమిషాలు కూర్చోబెట్టండి. ఈ వయసు పిల్లలు సూది తర్వాత కళ్లు తిరిగి పడిపోవడం మామూలే. ఎంఎంఆర్ వేశాక ఏడు నుంచి పన్నెండు రోజుల మధ్య కొద్దిగా జ్వరం, దద్దుర్లు రావచ్చు, వాటంతటవే తగ్గుతాయి. కొత్త కార్డు ఫొటో మీ ఫోన్లోనూ, అమ్మాయి ఫోన్లోనూ ఉంచుకోండి.