అవినీతిలో రెండు 'లేదు'లు ఉన్నాయా?

సందేహం: మా కాలేజీలో డిసెంబరు 9న అంతర్జాతీయ అవినీతి వ్యతిరేక దినం జరిపాం. గేటుకు కట్టిన బ్యానర్ చూసి ఒక విద్యార్థి, "సార్, 'అ' అన్నా 'వి' అన్నా లేదనే కదా? రెండు లేదులు కలిస్తే ఉన్నట్టే. అప్పుడు అవినీతి అంటే నీతి ఉండటమేనా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. 'అనీతి' అంటే సరిపోదా? బ్యానర్ మీద 'వ్యతిరేఖ' అని ఉంది, అది సరైనదేనా?
– ఒక అధ్యాపకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: ఆ పిల్లవాడిని నా తరఫున మెచ్చుకోండి. మాటను అలా విప్పి చూసేవాళ్లు తక్కువ. అయితే విప్పిన చోటు సరికాదు. ఇది అ + వినీతి. కాదనేది 'అ' ఒక్కటే. వియోగం, విముఖత వంటి మాటల్లో 'వి' విడదీస్తుంది. విఖ్యాతి, విశుద్ధం వంటి వాటిలో అదే 'వి' అర్థానికి బలం ఇస్తుంది. వినీతిలో ఉన్నది ఈ రెండో 'వి'. అవివేకం, అవిశ్వాసం అని రోజూ అంటూనే ఉన్నాం, అక్కడ రాని పేచీ ఇక్కడా అక్కర్లేదు.

మూలంలో ఉన్నది 'నీ' ధాతువు. నడిపించడం దాని అర్థం. నీతి, నేత, నాయకుడు, వినయం అన్నీ దాని సంతానమే. వినీతుడంటే నడక నేర్చినవాడు, అణకువ గలవాడు. తర్ఫీదు పొంది చక్కగా మోసే గుర్రాలను అమరకోశం 'వినీతాః' అంది. అదే కోశంలో 'అవినీతుడు' అంటే పొగరుబోతు. కాబట్టి అవినీతి అంటే మొదట కళ్లెం లేని నడవడి. లంచం ఆ నడవడిలో ఒకటి మాత్రమే.

'అనీతి' తప్పు మాట కాదు. కానీ నీతి కానిదల్లా అనీతే. అవినీతికి ఇవాళ ఒక గురి ఏర్పడింది: చేతిలో ఉన్న అధికారాన్ని సొంతానికి వాడుకోవడం. అవినీతి నిరోధక శాఖను అనీతి నిరోధక శాఖ అంటే ఎవరికీ ఎక్కదు.

నా బాధ వేరే ఉంది. ఈ మాటను మనం ఆఫీసు బల్లకు కట్టేశాం. తెలిసినవాళ్ల పిల్లవాడని ప్రాక్టికల్స్‌లో నాలుగు మార్కులు ఎక్కువ వేస్తే దాన్ని అవినీతి అనం, 'సాయం' అంటాం. పాత అర్థం ప్రకారం అదీ కళ్లెం వదిలిన నడకే. ఇంకా నొప్పించే మాట 'మామూలు'. కొన్నేళ్ల కిందట మా అమ్మ మరణ ధ్రువీకరణ పత్రం కోసం ఒక ఆఫీసుకు వెళ్లాను. గుమస్తా నా దరఖాస్తు మీద పేపర్ వెయిట్ పెట్టి, తల ఎత్తకుండా "మామూలే కదా సార్" అన్నాడు. బెదిరింపు లేదు, గొంతులో మెత్తదనం కూడా ఉంది. లేచి వచ్చేశాను. ఆ కాగితం చేతికి రావడానికి మరో మూడు వారాలు తిరిగాను. 'మామూలు' అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట, ఆచరణలో ఉన్నది అని అర్థం. 'అమలు' కూడా ఆ ధాతువు నుంచి పుట్టిందే. చట్టం అమలు కాని చోట మామూలు అమలవుతోంది. లంచాన్ని లంచమనే అనండి, పిల్లలతోనూ అనిపించండి.

మీ బ్యానర్ వెనక ఉన్న ఒప్పందంలోనూ భాషకు సంబంధించిన సంగతి ఒకటుంది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 2003 అక్టోబరు 31న అవినీతి వ్యతిరేక ఒడంబడికను ఆమోదించింది. మన దేశం 2011లో ధ్రువీకరించింది. అందులో 'అవినీతి' అన్న మాటకు నిర్వచనమే లేదు! హిందీ, కన్నడాలు భ్రష్టాచారం అంటాయి, వాటి కంటికి అది పతనం. ఇంగ్లీషు కరప్షన్‌కు మూలమైన లాటిన్ మాటలో విరగ్గొట్టడం ఉంది. మన మాటలో కళ్లెం ఉంది. ఒడంబడిక ఆ జోలికి పోకుండా పనులను పేర్కొంది: లంచం, అప్పగించిన సొమ్ము కాజేయడం, పలుకుబడిని అమ్ముకోవడం, దొంగసొమ్మును చలామణీలోకి తేవడం. ఒక దేశంలో కాజేసి మరో దేశంలో దాచిన సొమ్మును తిరిగి అప్పగించడానికి దారి కూడా చూపింది. పదం దగ్గర కలవని భాషలు పనుల దగ్గర కలిశాయి. మీ క్లాసులో ఈ సంగతి తప్పక చెప్పండి.

ఇక 'వ్యతిరేఖ' తప్పు, 'వ్యతిరేక' ఒప్పు. గీతకూ దీనికీ సంబంధం లేదు. అతిరేకంలో ఉన్న రేకమే ఇదీ. వి + అతి కలిసి 'వ్యతి' అయింది. మీ విద్యార్థి అడిగిన 'వి' ఇక్కడా ఉంది, చూపించండి. వచ్చే డిసెంబరు బ్యానర్‌ను అతని చేతే రాయించండి.