అమ్మలూ, ఆ కాగితం మీద ఇంకా సంతకం పెట్టలేదు కదా?

అమ్మలూ,

నీ క్రెడిట్ స్కోరు, అదే అప్పులు ఎంత సరిగ్గా తీరుస్తావో చెప్పే మార్కు, బాగా పడిపోయిందని, దాన్ని బాగుచేస్తామనే వాళ్లెవరికో డబ్బు కట్టబోతున్నావని నిన్న మీ నాన్న ఫోన్లో చెప్పాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. తిట్టడానికే రాస్తున్నాననుకోకు, తిట్లు కూడా ఉంటాయనుకో. నీ వయసులో నేను బ్యాంకు కవరు వస్తే విప్పకుండా బీరువా మీద పడేసేవాణ్ణి. నువ్వు నీ అంతట నువ్వే నీ అప్పుల రిపోర్టు తెరిచి చూసుకున్నావట. అది విని ఎంత సంతోషమేసిందో! అంతలోనే ‘ఏజెంటు’ అన్న మాట వినబడింది, గుండె జారిపోయింది.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. వాయిదా గడువు దాటనివ్వకు, ఆటో డెబిట్ పెట్టుకో. అమెరికాలో ఎక్కువగా చూసే ఫైకో అనే క్రెడిట్ స్కోరులో 35 శాతం ఈ ఒక్కదానికే, ఇంకో 30 శాతం ఎంత బాకీ ఉన్నావు, కార్డు లిమిట్‌లో ఎంత వాడేశావు అన్నదానికి. కాబట్టి వాడకం లిమిట్‌లో మూడో వంతుకి లోపలే ఉంచు, ఎంత తగ్గిస్తే అంత మంచిది. పాత కార్డు తొందరపడి మూసెయ్యకు. ఒకే నెలలో నాలుగుచోట్ల లోన్‌కి అప్లై చెయ్యకు. నీ రిపోర్టు నువ్వు చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు, ఎన్నిసార్లయినా చూసుకో. మొహమాటానికి ఎవరికీ షూరిటీ సంతకం పెట్టకు.

ఇక నా సంగతి. మీ నాన్నకి కూడా సగమే తెలుసు.

ఉద్యోగం పోయి ఐదు నెలలు ఖాళీగా ఉన్నప్పుడు కార్డు బాకీ కట్టలేకపోయాను. అప్పుడొకాయన దొరికాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, మాట్లాడితే మనసు తేలికైపోయేది. ‘మీరు బ్యాంకుకి ఒక్క పైసా కట్టకండి సార్, ఫోన్ ఎత్తకండి, వాళ్లే దిగొస్తారు, మిగతాది నేను చూసుకుంటా’ అన్నాడు. నేను చేసిన బుద్ధితక్కువ పని ఏంటంటే, ఉద్యోగం వచ్చాక కూడా బ్యాంకుకి కట్టాల్సింది ఆపేసి నెలనెలా ఆయన ఫీజు కట్టాను. నేను ఎత్తకపోతే ఫోన్ మోగకుండా ఉంటుందా? ఇంట్లో మీ పిన్ని ఎత్తేది. వాళ్ల మాటలు పడింది తను. నాకు చెప్పేది కాదు, రిసీవర్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఇప్పటికీ ఫోన్ గట్టిగా మోగితే తను ఉలిక్కిపడుతుంది.

చివరికి సగం సొమ్ముకి బేరం కుదిరింది. కట్టేసి, పీడ వదిలిందనుకున్నాను. కొన్నేళ్లకి ఇంటి లోన్‌కి వెళ్తే మేనేజరు కంప్యూటర్ నా వైపు తిప్పి ఒక మాట మీద వేలు పెట్టాడు. ‘సెటిల్డ్’. ‘క్లోజ్డ్’ అని ఉండాలండీ అన్నాడు. ‘సెటిల్డ్’ అంటే పూర్తిగా తీర్చలేదు, సగంతో సరిపెట్టారు అని అర్థమట. ఏజెంటు నంబరు ఎప్పుడో మారిపోయింది. ఆయనతో చేసుకున్న కాగితంలో ఈ సంగతి చిన్న అక్షరాల్లో ఉందని ఆ రాత్రి చూశాను. మిగతా బాకీ కట్టి, ఇక బాకీ లేదని ఉత్తరం తీసుకుని, రిపోర్టులో ఆ మాట మార్పించేసరికి ఏడాది గడిచింది. ఆ ఇల్లు ఈలోపు ఇంకెవరో కొనుక్కున్నారు.

అందుకే చెబుతున్నా. రిపోర్టులో తప్పుంటే, నీది కాని అప్పు నీ పేరున ఉంటే, నువ్వే రిపోర్టు ఇచ్చే బ్యూరోకి ఫిర్యాదు చెయ్యొచ్చు, దానికి ఏజెంటు అక్కర్లేదు. నిజంగా ఆలస్యంగా కట్టినవి ఉంటే వాటిని చెరిపే మంత్రం ఎవరి దగ్గరా లేదు, దాని కాలం గడవాల్సిందే. స్కోరు బాగుచేస్తామనే వాళ్లు పని పూర్తికాకుండా డబ్బు తీసుకోకూడదని అమెరికాలో అయితే 1996లో ఏకంగా చట్టమే చేశారు, ఎంతమంది మునిగితే చేసుంటారో చూడు.

సాయం తీసుకోవద్దని మాత్రం అనను. నేను పడ్డ అవస్థంతా సిగ్గుతో ఎవరినీ అడగకపోవడం వల్లే. నీ జీతం, ఖర్చులు, అప్పులు అన్నీ ముందు పెట్టుకుని కూర్చుని, ఏది ముందు కట్టాలో చెప్పి, నీతో పాటే బ్యాంకుతో మాట్లాడే కౌన్సెలర్ దొరికితే వెళ్లు. బ్యాంకుకి కట్టడం ఆపమన్నా, ఇన్ని పాయింట్లు పెంచుతామని మాటిచ్చినా, ఓటీపీ అడిగినా లేచి వచ్చెయ్.

వాళ్లిచ్చిన కాగితాలు సంతకం పెట్టే ముందు పేజీ పేజీ ఫోటో తీసి నాకు పంపు. కళ్లజోడు మార్చానులే, చిన్న అక్షరాలు ఇప్పుడు బాగానే కనబడుతున్నాయి.

మీ బాబాయి